సినిమా బాగా లేదా, చూసిన తీరు బాగా లేదా?

'ఈ మధ్య చూసిన సినిమా ఎలా అనిపించింది?' అని గత సంచికలో అడిగితే వచ్చిన ఉత్తరాల్లో మెప్పుల కంటే ఫిర్యాదులే ఎక్కువగా ఉన్నాయి. చదువుతూ పోయేకొద్దీ నాకొక అనుమానం బలపడింది. చాలామంది సినిమాను తిట్టారు గానీ, దాన్ని దేని మీద, ఎక్కడ, ఎన్ని విడతల్లో చూశారో చెప్పలేదు. ఆ వివరం రాసినవారి ఉత్తరాలకే ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: యాభై ఏళ్ల కిందటి సినిమా ఒకటి కొత్తగా కొన్న పెద్ద టీవీలో చూశాను. బొమ్మ ఎంతో స్పష్టంగా ఉంది గానీ, మనుషులు నడుస్తుంటే వీడియో కెమెరాతో తీసిన సీరియల్ చూస్తున్నట్టు అనిపించింది. చిన్నప్పుడు అంత గొప్పగా కనిపించిన సినిమా ఇప్పుడు చవకబారుగా తోచింది. నేను మారానా, సినిమా పాతబడిందా?

జవాబు: రెండూ కాదు, మారింది టీవీ. సినిమాను సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. మూకీల రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు కనుక ఆ వేగం ఒక్కో చోట ఒక్కో రకంగా ఉండేది. 1920ల చివర్లో మాటల సినిమా వచ్చాక, శబ్దం సాగకుండా, కుంచించుకుపోకుండా ఉండాలంటే ఫిలిం ఒకే వేగంతో నడవక తప్పలేదు, అప్పుడు స్థిరపడిన లెక్క ఇది. 24 బొమ్మల్లో కదలిక పూర్తిగా నునుపుగా ఉండదు. వేగంగా ఊపిన చెయ్యి కాస్త మసకబారుతుంది, ఆ మసకనే మన కన్ను 'ఇది సినిమా' అని గుర్తుపట్టడం నేర్చుకుంది. ఇప్పటి టీవీలు తెరను సెకనుకు 60 లేదా 120 సార్లు మార్చగలవు. అందువల్ల అవి పక్కపక్కనున్న రెండు అసలు బొమ్మలను పోల్చి, వాటి నడుమ ఇంకేం ఉండి ఉంటుందో ఊహించి, ఆ ఊహా చిత్రాలను తామే తయారుచేసి మధ్యలో చొప్పిస్తాయి. ఆటల ప్రసారాల్లో బంతి వెంట కన్ను పరుగెత్తడానికి ఇది పనికొస్తుంది. సినిమాకు వచ్చేసరికి మాత్రం ఛాయాగ్రాహకుడు తీయని బొమ్మలను సగానికి పైగా మనకు చూపిస్తుంది. దీన్ని మోషన్ స్మూతింగ్ అంటారు, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంటుంది. చాలా టీవీల్లో ఇది పెట్టె విప్పేసరికే పనిచేస్తూ ఉంటుంది. దీన్ని ఆపివేయమని 2018లో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్‌క్వారీ కలిసి ఒక వీడియోలో ప్రేక్షకులను ప్రత్యేకంగా కోరారు. మరుసటి ఏడాది కొన్ని టీవీ కంపెనీలు స్మూతింగ్‌ను ఆపివేసే 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అన్న అమరికను ప్రకటించాయి. మీ టీవీలో అది ఉంటే దాన్నే ఎంచుకోండి, లేకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్మూతింగ్‌ను ఆపివేయండి. ఆ తర్వాత కూడా సినిమా చవకబారుగానే అనిపిస్తే అప్పుడు మళ్లీ రాయండి, ఒప్పుకుంటాను.

ప్రశ్న: మాటలు వినిపించడం లేదని సౌండ్ పెంచితే పోరాట దృశ్యానికి ఇల్లంతా ఉలిక్కిపడుతుంది, తగ్గిస్తే మళ్లీ గుసగుసలే. రిమోట్ చేతిలోనుంచి దించకుండా సినిమా మొత్తం చూశాను. శబ్దం ఇంత నిర్లక్ష్యంగా కలుపుతారా?

జవాబు: నిర్లక్ష్యం అనలేను. థియేటర్ కోసం కలిపిన శబ్దంలో గుసగుసకూ పేలుడుకూ మధ్య చాలా ఎడం ఉంటుంది, నిశ్శబ్దంగా ఉన్న పెద్ద హాలులో ఆ ఎడమే అందం. పైగా 5.1 అనే పద్ధతిలో శబ్దం ఆరు దారుల్లో వస్తుంది, అందులో మాటలు ఎక్కువగా తెర మధ్యనుండే దారికి చెందుతాయి. సన్నటి టీవీకి ఉండేది సాధారణంగా రెండు చిన్న స్పీకర్లు, అవీ తరచుగా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. ఆరు దారుల శబ్దాన్ని ఆ రెండింట్లో కుక్కినప్పుడు సంగీతం, హోరు అన్నీ మాటల మీద పడతాయి. సినిమా ఆడుతున్న యాప్‌లో ఆడియోను 5.1 నుంచి స్టీరియోకు మార్చి చూడండి, టీవీలో పెద్ద శబ్దాలను అణిచే 'నైట్ మోడ్' లాంటిది ఉంటే దాన్నీ వాడండి. అయితే తప్పంతా టీవీదే అని కూడా అనను. మాట సంగీతంలో మునిగిపోయినా ఫరవాలేదనుకునే దర్శకులు ఉన్నారు, థియేటర్లోనూ వాళ్ల సినిమాల్లో మాటలు అందవు. ఆ కోపం మీకుంటే నాకూ ఉంది.

ప్రశ్న: రెండు గంటల ఉత్కంఠ చిత్రాన్ని మూడు రాత్రులు కొంచెం కొంచెంగా చూశాను. మధ్య భాగం సాగదీసినట్టుంది. ఈ అభిప్రాయం నలుగురిలో చెప్పవచ్చా?

జవాబు: చెప్పవచ్చు, మూడు రాత్రుల సంగతి కూడా కలిపి చెప్పండి. మీకు సాగదీసినట్టు అనిపించిన మధ్య భాగం మీరు రెండో రాత్రి మొదలుపెట్టిన భాగమే. మొదటి రాత్రి దర్శకుడు ఒక్కొక్క మెట్టూ పేర్చుకుంటూ పెంచిన బిగువు మీరు నిద్రపోయేసరికి సడలిపోయింది. మర్నాడు చల్లారిన మనసుతో కూర్చున్నవారికి ఆ నెమ్మది ఉత్త నెమ్మదిగానే కనిపిస్తుంది. 1960లో 'సైకో' విడుదలైనప్పుడు సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వకూడదని దాని దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ పట్టుబట్టాడు. ఎప్పుడంటే అప్పుడు హాలులోకి వెళ్లి కూర్చునే అలవాటున్న ప్రేక్షకులకు అది కొత్త నియమం. సినిమాకు ప్రచారంగా కూడా అది పనికొచ్చిందన్నది నిజమే గానీ, ఒక వరుసలో కట్టిన భయాన్ని ఆ వరుసలోనే చూడాలన్న పట్టుదల అందులో ఉంది. హాస్యచిత్రమైతే ముక్కలుగా చూసినా పెద్ద నష్టం లేదు, ఏ నవ్వుకా నవ్వు విడిగా నిలబడుతుంది. ఉత్కంఠ అలా నిలబడదు.

ప్రశ్న: నేను అన్ని సినిమాలూ ఒకటిన్నర రెట్లు వేగంతో చూస్తాను. కథ అర్థమవుతూనే ఉంది కదా?

జవాబు: కథ అర్థమవుతుంది, రెండు గంటలది ఎనభై నిమిషాల్లో అయిపోతుంది కూడా. 2019లో నెట్‌ఫ్లిక్స్ ఫోన్లలో ఈ సదుపాయాన్ని పరీక్షిస్తున్నప్పుడు కొందరు దర్శకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు, అయినా మరుసటి ఏడాది అది అందుబాటులోకి వచ్చింది. వాడుకోండి. 'నటన కృత్రిమంగా ఉంది' అని మాత్రం అనకండి, ఆ నటి తీసుకున్న విరామాలన్నీ కోసేసింది మీరే.

ప్రశ్న: విమానంలో చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న సినిమాను ఇంట్లో అందరితో కలిసి చూస్తే చప్పగా ఉంది. ఏ అభిప్రాయం నిజం?

జవాబు: రెండూ మీవే కాబట్టి రెండూ నిజమే. విమానంలో చెవులకు హెడ్‌ఫోన్లు, ముఖానికి దగ్గరగా తెర, లేచి పోవడానికి మరో పని లేని స్థితి ఉన్నాయి. ఇంట్లో పక్కనుంచి వ్యాఖ్యలు, మధ్యలో ఫోన్లు ఉన్నాయి. ఇంకొకటి, విమానాల్లో కొన్నిసార్లు కత్తిరించిన ప్రతులు వేస్తారు, కాబట్టి రెండుసార్లూ మీరు చూసింది ఒకే సినిమా అని గట్టిగా అనుకోకండి.

ప్రశ్న: ప్రపంచంలో గొప్ప సినిమాల్లో ఒకటని అందరూ అనే 'వెర్టిగో' చూశాను. నచ్చలేదు. నాకు సినిమా చూడడం రాదా?

జవాబు: 1958లో ఆ సినిమా వచ్చినప్పుడు విమర్శకుల్లోనే చాలామందికి నచ్చలేదు. 'సైట్ అండ్ సౌండ్' పత్రిక 1952 నుంచి పదేళ్లకొకసారి విమర్శకుల చేత ఓట్లు వేయిస్తోంది. 1962, 1972 జాబితాల్లో మొదటి పదింటిలో దానికి చోటు లేదు, 1982లో వచ్చింది, 2012లో మొదటి స్థానానికి చేరింది, 2022లో రెండోదయింది. సినిమాలో ఒక్క దృశ్యమూ మారలేదు, చూసేవాళ్లు మారారు. వాళ్లకు యాభై ఏళ్లు పట్టింది, మీరు ఒక్క సాయంత్రానికే మిమ్మల్ని మీరు నిందించుకోవడం ఎందుకు? ఏ చోట మనసు పక్కకు పోయిందో గుర్తుంటే రాసిపెట్టుకోండి, ఎప్పుడైనా మళ్లీ చూస్తే పోల్చుకోవడానికి అది పనికొస్తుంది.

ప్రశ్న: నిన్న చూసిన సినిమాలో భార్యాభర్తలు మాట్లాడుకుంటుంటే చాలాసేపు భర్త ఒక్కడే కనిపించాడు, ఆవిడ గొంతు మాత్రం పక్కనుంచి వినిపించింది. పైనా కిందా నల్లటి పట్టీలు చికాకుగా ఉన్నాయని టీవీలో 'జూమ్' పెట్టుకుని చూస్తాను. మనిషిని తెరలో ఎక్కడ నిలబెట్టాలో తెలియని దర్శకుడిని అందరూ ఎందుకు మెచ్చుకుంటున్నారు?

జవాబు: మీ టీవీ తెర వెడల్పు ఎత్తుకు 1.78 రెట్లు. వెడల్పాటి తెర కోసం తీసిన చాలా సినిమాల్లో అది 2.39 రెట్లు. ఆ నల్లటి పట్టీల వెనక బొమ్మ ఏమీ దాగి ఉండదు. జూమ్ చేస్తే పట్టీలు పోతాయి, వాటితోపాటు రెండు అంచుల్లోనూ కలిపి బొమ్మలో పావు వంతు పోతుంది. జూమ్ తీసేసి ఆ దృశ్యం మళ్లీ పెట్టండి. ఆవిడ ఎడమ చివరో కుడి చివరో నిలబడి ఉంటుంది.