శ్రీకాకుళంలో పాత ఇంటి రిపేరు మొత్తం ఒక్క కాంట్రాక్టర్‌కే అప్పగించొచ్చా?

మీరు హైదరాబాద్‌లో ఉంటూ శ్రీకాకుళంలో అమ్మగారి పాత ఇంటికి స్లాబ్ లీకేజీ, బాత్‌రూమ్‌ల పని చేయించాలంటున్నారు. విజయనగరంలో మా నాన్నగారి ఇంటికి మేమూ అదే చేయించాం. అప్పగించండి, కానీ కూలి వరకే. మెటీరియల్ మీరే కొనండి.

మేస్త్రీ కోసం నేను హార్డ్‌వేర్ షాపులో వాకబు చేశాను. ఎవరు బాగా చేస్తారని కాదు, ఎవరు ఖాతా సరిగ్గా కడతారని. మొదటిదానికి షాపాయన తనకు కావలసినవాళ్ల పేరే చెప్తాడు. రెండోది ఆయన సొంత డబ్బు సంగతి, నిజం చెప్తాడు. షాపుకే బాకీ ఉన్నవాడు మీ అడ్వాన్స్ తీసుకెళ్లి పాత అప్పు తీరుస్తాడు. తర్వాత అతను కిందటేడు చేసిన ఇంటిని ఒక వాన పడ్డాక వెళ్లి చూడండి. కొత్తగా రంగు వేసిన ఇల్లు చూపిస్తే ఏమీ తెలీదు.

అడ్వాన్స్ పెద్దగా ఇవ్వకండి. శనివారం కూలీల బట్వాడాకు సరిపడా ఇస్తూ, మిగతాది పని పూర్తయిన కొద్దీ ఇచ్చాం. చివరి పది శాతం గట్టి వాన పడేదాకా ఆపాం. మేస్త్రీ మొహం మాడ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

మీరు తప్పకుండా దగ్గరుండాల్సింది బాత్‌రూమ్ దగ్గర. వాటర్‌ప్రూఫింగ్ ఆరాక, టైల్స్ వేయకముందే, డ్రెయిన్ మూసి నీళ్లు నింపి కనీసం 24 గంటలు ఉంచాలి. కింద చెమ్మ కనిపిస్తే అప్పుడే తేలిపోతుంది. వీడియో కాల్‌లో చెమ్మ కనపడదు. స్లాబ్ పెచ్చులూడిన చోట కూడా అంతే: ఊచల తుప్పు గీకకుండా సిమెంటు పులిమితే, తుప్పు ఉబ్బి మళ్లీ పెచ్చు తోసేస్తుంది.

మేడ మీద పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి వానలకు ముందే ముగించండి. అక్టోబరుకు వాయిదా వేయొద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు ఆ నెలలోనే వచ్చాయి. పండక్కి వెళ్లిన పనివాళ్లు కనుమ అవగానే వస్తారనుకోకండి. మంచి మేస్త్రీలు చాలామంది విశాఖ, హైదరాబాద్ పనులకు పోతుంటారు, ముందే మాట్లాడుకోవాలి.

స్క్వేర్ ఫీట్ రేటు అడిగారు. రిపేరుకు ఆ లెక్క కుదరదు. పగలగొట్టడం, రబ్బిష్ ఎత్తించడం, ఇసుక మేడ మీదికి మోయడం ఎవరి ఖర్చో కాగితం మీద రాయించుకోండి. మా ఇంట్లో టైల్స్ కంటే రబ్బిష్ ట్రాక్టర్ డబ్బుల దగ్గరే ఎక్కువ గొడవ అయింది.