నాన్నగారి పెట్టెలో దొరికిన పాత కామిక్స్‌కి విలువ ఎలా కట్టాలి?

ముందు ఆ టేపు పక్కన పెట్టేయండి. తడిగుడ్డ, రబ్బరు కూడా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నాన్నగారి అట్టపెట్టెలో 70ల నాటి అమెరికన్ కామిక్స్ ఓ అరవై, 90ల నాటివి ఓ నలభై ఉన్నాయన్నారు. వాటిలో 35 సెంట్ల స్టార్ వార్స్ మొదటి సంచిక ఒకటి ఉందన్నారు. తుడిచి, చిరిగినవి అతికించి, అన్నీ ఒకేసారి గ్రేడింగ్‌కి, అంటే కాపీ ఎంత బాగుందో చూసి మార్కు వేసే కంపెనీకి, పంపేయమంటారా అని అడిగారు. నేను పదిహేనేళ్ల నుంచి ఇవి పోగేస్తున్నాను. మీరు చెప్పిన మూడు పనులూ ఒకప్పుడు నేను చేసినవే. మూడింట్లోనూ చేతులు కాల్చుకున్నాను.

ఆ కాగితం న్యూస్‌ప్రింట్. నాలుగు రోజులు చదివి పారేస్తారనుకుని చవక గుజ్జుతో చేసింది. వెలుతురు, గాలి, చెమ్మ తగిలే కొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. టేపు జిగురు అందులోకి ఇంకితే కొన్నేళ్లకి గోధుమరంగు మరకగా పైకి తేలుతుంది, ఇక పోదు. చిరుగు ఒక్కటే ఉన్నప్పుడు ఒక లోపం. టేపు వేశాక రెండు.

ఇక గ్రేడ్ల సంగతి. స్కేలు 0.5 నుంచి 10 దాకా. 9.4 అంటే నియర్ మింట్, 8.0 వెరీ ఫైన్, 6.0 ఫైన్, 4.0 వెరీ గుడ్, 2.0 గుడ్. అవును, పదికి రెండు మార్కులొస్తే 'గుడ్'! ఈ మాటలు పెట్టినవాళ్లు మహా మొహమాటస్తులు అయ్యుంటారు. కాబట్టి ఎవరైనా "గుడ్ కండిషన్" అని అమ్మకానికి పెడితే వెంటనే మురిసిపోకండి. ఆయన మామూలు మాటగా అన్నాడో, గ్రేడుగా అన్నాడో కనుక్కోండి.

లోపాలు చూడటం చేత్తో నేర్చుకోవాల్సిన పని. చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వండి. కామిక్‌ని బల్ల మీద పెట్టి, టేబుల్ ల్యాంపుని పక్కకి వంచి, వెలుతురు కవర్ మీద ఏటవాలుగా పడేలా చూడండి. అప్పటిదాకా నున్నగా కనపడ్డ కవర్ మీద వేలిముద్రల పల్లాలు, పాత మడతలు, ఎవరో దానిమీద కాగితం పెట్టి రాసుకున్న అక్షరాల నొక్కులు అన్నీ లేస్తాయి. మడతలో సిరా పగలకుండా ఉంటే ఒక లెక్క, పగిలి తెల్లగీత బయటపడితే ఇంకో లెక్క. రెండోది చాలా ఎక్కువ దెబ్బ. ఆ తర్వాత వెన్ను చూడండి. పిన్నుల చుట్టూ అడ్డంగా చిన్నచిన్న తెల్లగీతలుంటాయి, వాటిని స్పైన్ టిక్స్ అంటారు. లెక్కపెట్టండి. పిన్నులకి తుప్పు పట్టిందా, కవర్ పిన్ను దగ్గర ఊడిపోయిందా, మధ్య పేజీ గట్టిగానే ఉందా, ఇవన్నీ చూడాలి. చివరికి లోపలి పేజీలన్నీ ఒక్కొక్కటిగా తిప్పాలి. ఇది బద్ధకించే నేను దెబ్బతిన్నాను.

1974 నవంబర్ తేదీతో వచ్చిన ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181 పేరు వినే ఉంటారు. వుల్వరిన్ అనే హీరో పూర్తిగా కనపడిన మొదటి సంచిక. ఆ రోజుల్లో మార్వెల్ వాళ్లు ఉత్తరాల పేజీలో వాల్యూ స్టాంప్ అని ఒక బొమ్మ అచ్చువేసేవారు, పిల్లలు కత్తిరించి ఆల్బంలో అతికించుకోవడానికి. పిల్లలు చెప్పినట్టే చేశారు. నేను కొన్న కాపీకి కవర్ చూస్తే నిన్న అచ్చయినట్టు ఉంది. ఇంటికొచ్చి రెండోసారి తిప్పితే ఉత్తరాల పేజీలో కిటికీలాగా చదరపు కన్నం! స్టాంప్ లేని కాపీ ధర ఎంత దిగుతుందో అమ్మబోయినప్పుడు తెలిసింది. మీ పెట్టెలో 1974, 75 నాటి మార్వెల్ సంచికలుంటే ముందు ఆ పేజీయే తీయండి.

ఇంకోటి ఇంతకన్నా కష్టంగా దొరుకుతుంది. నల్లటి కవర్ ఉన్న పాత సంచిక ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. ఆ వయసు కాగితానికి వెన్ను మీద ఒక్క తెల్లగీత లేదు. సంతోషంతో గ్రేడింగ్‌కి పంపితే ఊదారంగు లేబుల్‌తో తిరిగొచ్చింది. ఊదా అంటే రీస్టోర్ చేసినది, అంటే తర్వాత ఎవరో మెరుగులు దిద్దినది; మామూలు కాపీలకి నీలం లేబుల్ ఉంటుంది. ఎవరో నల్ల మార్కర్‌తో తెల్లగీతలన్నీ నింపేశారు. కవర్ లోపలివైపు వెన్ను పక్కన చూసి ఉంటే సిరా అవతలికి ఇంకిన చుక్కలు నాకే కనపడేవి. అమ్మినాయనకి రాస్తే "నాకు తెలియదు" అన్నాడు. నిజమే కావచ్చు, ఆయనా ఎవరి దగ్గరో కొన్నదే. అంచులు కత్తిరించి పదునుగా కనపడేలా చేయడం కూడా ఈ కోవలోదే. మూలలు మరీ కొత్తగా ఉండి, పక్కన పెట్టిన అదే కాలపు సంచిక కన్నా ఒక రవ్వ చిన్నగా ఉంటే అనుమానించండి.

మన కాపీని మనం చూసుకునేటప్పుడు మాత్రం కళ్లు మూసుకుపోతాయి. మొదటిసారి ఎనిమిది పంపాను. ఇంట్లో కూర్చుని ఒక్కోదానికి నేను వేసిన గ్రేడు చిన్న చీటీ మీద రాసి పెట్టుకున్నాను. ఫలితాలొచ్చాక చూస్తే ఒక్కటి తప్ప అన్నిటికీ ఎక్కువ వేసుకున్నాను, ఒకదానికైతే రెండు పాయింట్లు. అప్పటి నుంచి నాకు తోచినదాంట్లో ఒక పాయింటు కోసేసి లెక్క వేసుకుంటున్నాను. అది శాస్త్రం కాదు, నా మీద నాకున్న అపనమ్మకం అంతే.

గ్రేడింగ్ కంపెనీల్లో ఎక్కువ చలామణిలో ఉన్నది సీజీసీ. 2000లో మొదలైంది. వాళ్లు చూసి గ్రేడు వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తారు, దాన్నే స్లాబ్ అంటారు. కాపీకి ఇంత అని ఫీజు, రానూపోనూ షిప్పింగ్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి చూసుకోండి. గ్రేడు వేయించాక పెరిగే ధర ఆ ఖర్చుకి కనీసం రెండింతలైనా లేకపోతే నేనైతే పంపను. మీ వందలో బహుశా నాలుగో ఐదో పంపదగ్గవి తేలతాయి. సిరా పగలని మడతలు, వంపులు ఉంటే ముందు ప్రెస్సింగ్ చేయించవచ్చు. వేడి, తేమ కొలిచి ఇచ్చి చదును చేసే పని అది. సీజీసీ దాన్ని రీస్టోరేషన్ కింద లెక్కించదు. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో మాత్రం ప్రయత్నించకండి, దండం పెడతాను.

90ల నాటి నలభై గురించి చెప్తే బాధపడతారేమో. అప్పట్లో ఇవి రేపు లక్షలవుతాయని జనం ఒక్కొక్కరు అయిదారు కాపీలు కొని కవర్లలో దాచారు. 1991 ఎక్స్‌మెన్ మొదటి సంచిక ఒక్కటే ఎనభై లక్షలకి పైగా కాపీలు పోయింది. అందరూ దాచుకున్న వస్తువుకి ధర ఎక్కడి నుంచి వస్తుంది? మీరు నెట్‌లో చూసిన కోట్ల కథలు సూపర్‌మాన్ మొదటిసారి వచ్చిన 1938 యాక్షన్ కామిక్స్ 1 లాంటి వాటివి. పది సెంట్లు పెట్టి కొన్న ఆ పుస్తకాన్ని ఎవరూ దాచుకోలేదు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో పాత కాగితాల సేకరణలోకి ఎన్నో పోయాయి. మిగిలినవి కాసినే. అలాగని ఆ నలభై పారేయకండి, చదువుకోవడానికి హాయిగా ఉంటాయి. ఏదైనా పాత్ర మొదటిసారి వచ్చిన సంచిక ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి.

ధర తెలుసుకోవడానికి ఓవర్‌స్ట్రీట్ ప్రైస్ గైడ్ ఉంది. 1970 నుంచి వస్తోంది, సంచికల వివరాలకి ఇప్పటికీ బంగారం. ధరకి మాత్రం నేను ఈబే అనే వేలం సైట్‌లో అమ్ముడైనవాటినే చూస్తాను. అమ్మకానికి పెట్టినవి కాదు, అమ్ముడైనవి! ఎవడైనా ఎంతైనా అడగొచ్చు. అదే సంచిక, అదే గ్రేడు, గడిచిన మూడు నెలల్లో పోయిన ధరలు ఓ అయిదు తీసుకుని, అన్నిటికన్నా పైదీ కిందదీ వదిలేయండి.

దాచడం తేలికే. ఒక్కో సంచికని ఆమ్లం లేని బోర్డుతో బ్యాగులో పెట్టి, పెట్టెలో నిలబెట్టండి. చీకటి, పొడి, చల్లని చోటు చాలు.

ఇక మీ స్టార్ వార్స్ 1. 1977లో ఇది మామూలుగా 30 సెంట్లకి వచ్చింది. ధర పెంచితే జనం కొంటారో లేదో చూడటానికి కొన్నిచోట్ల మాత్రమే 35 సెంట్లతో వేశారు. ఆ కాపీలు చాలా తక్కువ, మామూలుదానికీ వాటికీ ధరలో పోలికే లేదు. అయితే 35 సెంట్లతో తర్వాత పునర్ముద్రణలు కూడా వచ్చాయి, పెట్టెల్లో ఎక్కువగా దొరికేవి అవే. కవర్ పై మూలలో ధర ఉన్న గడి చూడండి. చదరంగా ఉందా, వజ్రంలాగా కోణాలతో ఉందా? వజ్రమైతే పునర్ముద్రణ. చదరమైతే కింద బార్‌కోడ్ ఉండే గడి కూడా చూడండి, లోపల ఎక్కడైనా రీప్రింట్ అన్న మాట ఉందేమో వెతకండి. ఆ రెండు మూలలూ ఎండ తగలని చోట దగ్గరగా ఫోటో తీసి కింద కామెంట్‌లో పెట్టండి. బ్యాగులోంచి తీయాల్సి వస్తే బ్యాగు మూతకున్న టేపు కామిక్‌కి అంటుకోకుండా జాగ్రత్తగా తీయండి.