అప్పులు రద్దయినా హైతీ ఎందుకు కోలుకోలేదు?

రుణమాఫీ అంటే చేతికి డబ్బు రావడం కాదు, ఇకముందు కట్టవలసిన వాయిదాలు తప్పడం. 2009 జూన్‌లో ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి పథకం కింద కరీబియన్ దేశమైన హైతీకి సుమారు 120 కోట్ల డాలర్ల మాఫీ దక్కింది. ఏడాది తిరగకముందే, 2010 జనవరి 12న వచ్చిన భూకంపం రాజధాని పోర్టో ప్రిన్స్‌ను కూల్చేసింది.

తర్వాత సాయం వెల్లువెత్తింది. కానీ అందులో హైతీ ప్రభుత్వానికి చేరింది చాలా స్వల్పం. దాతలు ఎక్కువగా తమ సంస్థలకు, కాంట్రాక్టర్లకు, స్వచ్ఛంద సంస్థలకే ఇచ్చారు. అవినీతి భయం నిజమైనదే, కాదనను. అయినా ఖజానాను పక్కన పెట్టి బడులు, ఆసుపత్రులు నడిపితే, దాతలు వెళ్లిపోయాక వాటిని నడపగల యంత్రాంగం ఎక్కడి నుంచి వస్తుంది?

వాణిజ్య షరతులూ దెబ్బతీశాయి. 1990లలో బియ్యంపై దిగుమతి సుంకాన్ని 3 శాతానికి తగ్గించడంతో, సబ్సిడీలు పొందిన అమెరికా బియ్యం ముందు స్థానిక రైతులు నిలవలేకపోయారు. తన హయాంలోని ఆ విధానం తప్పేనని బిల్ క్లింటన్ 2010లో బహిరంగంగా ఒప్పుకున్నారు.

అసలు గాయం ఇంకా పాతది. ఫ్రెంచ్ వలస పాలనను, బానిసత్వాన్ని తెంచుకుని 1804లో స్వతంత్రమైన ఈ దేశం నుంచి, 1825లో ఫ్రాన్స్ మాజీ బానిస యజమానుల కోసం 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం డిమాండ్ చేసింది. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించినా, అందుకోసం చేసిన అప్పుల భారం 1947 దాకా సాగింది. ఆ సొమ్మును ఫ్రాన్స్ తిరిగి ఇవ్వడమే న్యాయమని నా అభిప్రాయం. 2025లో ఫ్రాన్స్ ప్రకటించింది మాత్రం చరిత్రకారుల సంయుక్త కమిషన్‌ను.