చదివింది మరచిపోతాం, జరిగింది మాత్రం గుర్తుంటుందంటారా?

"పుస్తకంలో చదివినది వారం తిరిగేసరికి మరచిపోతున్నాను, కాని పదేళ్ళ కిందటి సంఘటనలు ఫొటో తీసినట్టు గుర్తున్నాయి. లోపం నా బుర్రలో ఉందా, చదివే పద్ధతిలో ఉందా?" అని మీరు అడిగారు. మీ బుర్రకు వచ్చిన లోపమేమీ లేదు. అయితే మీ ప్రశ్నలోని ఆ ఫొటో సంగతిని మాత్రం నేను ఒప్పుకోను. ఒక సంఘటన కళ్ళకు కట్టినట్టు కనబడుతున్నంత మాత్రాన అది అలాగే జరిగిందనుకోవడానికి వీల్లేదు. ఇందుకు మా ఇంట్లోనే ఒక సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం మా బావగారు.

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు విశాఖపట్నంలో ఉన్న ప్రతివారి దగ్గరా హుద్‌హుద్ తుఫాను కథ ఒకటి ఉంటుంది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలి ఆ మధ్యాహ్నం ఊరి మీదుగా తీరం దాటింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, చెట్లు కూలి వీధులకు వీధులే మూసుకుపోయాయి. సీతమ్మధారలోని మా అక్క ఇంట్లో బాల్కనీ తలుపు గడియ ఊడిపోవడంతో, గాలి తగ్గేదాకా ఒక మనిషి ఆ తలుపుకు వీపు ఆనించి నిలబడవలసి వచ్చింది. అంతలో ఎదురింటి మేడ మీది ఖాళీ నీళ్ళ ట్యాంకు దొర్లుకుంటూ వచ్చి, పిట్టగోడను బద్దలుకొట్టుకుని వీధిలో పడింది. ఏ పండుగకు చుట్టాలు చేరినా బావగారు ఈ ఘట్టం చెప్పకుండా విస్తరి ముందు నుంచి లేవరు. తలుపు ఆపి ఆపి తన భుజం ఎలా వాచిపోయిందో, ట్యాంకుకు నీలిరంగు పైపు ముక్క ఎలా వేలాడుతూ ఉందో ఆయన చెబుతూ ఉంటే వినేవారికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. చిక్కేమిటంటే, ఆ రోజు బావగారు బెజవాడలో ఉన్నారు.

ఒక సంక్రాంతికి అటక మీది సామాను దించుతుండగా అక్క రాసుకున్న ఆనాటి పద్దు పుస్తకం బయటపడింది. అక్టోబరు 14, మంగళవారం కింద కొవ్వొత్తులకూ పాలపొడికీ అయిన ఖర్చు పక్కన, "ఈయన సాయంత్రం బెజవాడ నుంచి వచ్చారు, నీళ్ళ క్యాన్లు తెచ్చారు" అని అక్క దస్తూరీతోనే ఉంది. నేను ఆ పేజీ తీసి, "బావగారూ, ఒక్కసారి ఇది చూడండి" అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ వాక్యాన్ని నింపాదిగా చదివి, "కంగారులో మీ అక్క తేదీ తప్పు రాసి ఉంటుందోయ్. నేను కళ్ళారా చూసినదానికి పద్దు పుస్తకమా సాక్ష్యం?" అని తేల్చేశారు. ఆయన అబద్ధమాడే మనిషి కారు, తాను చూశానని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. నిజానికి ఆ తలుపు పట్టుకున్నది నేను. కాదు, వాచ్‌మన్ అని అక్క అంటుంది కాని, ఆ సమయంలో ఆవిడ పిల్లవాడిని పట్టుకుని లోపలి గదిలో కూర్చుంది కనుక ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోను.

ఇది మా ఒక్క ఇంటి వింత కాదు. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడే అల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎమరీ విశ్వవిద్యాలయం విద్యార్థుల చేత, ఆ వార్త తమకు ఎక్కడ, ఎలా, ఎవరి ద్వారా తెలిసిందో రాయించి భద్రపరిచారు. రెండున్నరేళ్ళ తరువాత వారిలో 44 మందిని మళ్ళీ అడిగితే, దాదాపు నాలుగో వంతు మంది ముఖ్యమైన వివరాలలో ఒక్కటీ సరిగా చెప్పలేదు. తప్పు చెప్పినవారు కూడా గట్టి నమ్మకంతోనే చెప్పారు. తమ చేతిరాతను చూపించినప్పుడు సైతం ఎవరికీ అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు. బావగారు పద్దు పుస్తకాన్ని చదివి పక్కన పెట్టిన తీరు తెలిసిన నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు.

జరిగేది ఇదీ. అక్క చెప్పినది, నేను చెప్పినది, టీవీలో చూసినది, వచ్చిన తరువాత తాను స్వయంగా చూసిన విరిగిన పిట్టగోడ, వీటన్నిటినీ బావగారి మనసు ఒకటిగా అల్లింది. ఏది విన్నదో, ఏది కన్నదో అనే గుర్తు మొదట చెరిగిపోయింది. చెప్పిన ప్రతిసారీ, అంతకుముందు చెప్పిన కథే మరింత గట్టిపడింది. గుర్తు చేసుకోవడమంటే బీరువా తెరిచి దాచినది తీయడం కాదు, ఉన్న ముక్కలతో అప్పటికప్పుడు మళ్ళీ కట్టుకోవడం. అలా కట్టినదే తరువాతిసారికి మిగులుతుంది, అది నిజమైనా సరే, కాకపోయినా సరే.

మీ చదువుకు పనికివచ్చే సూత్రం కూడా ఇదే. వారంలో మరచిపోవడం ఎవరికైనా సహజం. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపులను తానే వల్లెవేసి, తన మీదనే పరీక్షలు జరుపుకుని, మరపు మొదటి కొన్ని గంటలలోనే వేగంగా సాగి తరువాత నెమ్మదిస్తుందని 1885లోనే ప్రకటించాడు. బావగారు తుఫానును ఏ పుస్తకమూ చూడకుండా పదిమందికి చెబుతూ వచ్చారు, మీరు పాఠాన్ని అలా ఒక్కసారైనా చెప్పి ఉండరు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు జరిపిన ప్రయోగంలో ఒక పాఠాన్ని మళ్ళీ చదివినవారికి ఐదు నిమిషాల తరువాత 81 శాతం గుర్తుంటే, చూడకుండా రాయడానికి ప్రయత్నించినవారికి 75 శాతమే గుర్తుంది. వారం గడిచేసరికి అంకెలు తారుమారై, మళ్ళీ చదివినవారు 42 శాతం దగ్గర, చూడకుండా రాసినవారు 56 శాతం దగ్గర నిలిచారు. మళ్ళీ మళ్ళీ చదవడం వల్ల వచ్చేది చదువు కాదు, వచ్చేసిందన్న ధీమా.

ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఇదే బాధ. పేజీ అంతా పసుపు, గులాబి రంగు గీతలతో నిండిపోతుంది గాని, పుస్తకం మూసి ఒక్క పేరా చెప్పుకునేవారు కనబడరు. కోచింగ్ సెంటర్లు వేలకు వేలు పుచ్చుకుని చేతిలో పెట్టే రెడీమేడ్ నోట్సు ఈ జబ్బును మరింత ముదరబెడుతోంది. నోట్సు తయారుచేసినవాడికి పాఠం వస్తుంది, కొనుక్కున్నవాడికి బరువు మిగులుతుంది. జ్ఞాపకశక్తి లేహ్యాల ప్రకటనల సంగతి ఎత్తితే నాకు రక్తపోటు పెరుగుతుంది కనుక వదిలేస్తున్నాను.

మనవాళ్ళకు ఈ విద్య కొత్తదేమీ కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు వంతులవారీగా అడుగుతూ ఉంటే, అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యమధ్య మనసు చెదరగొడుతూ ఉంటే, అవధాని ఒక్కొక్క పాదం చొప్పున పద్యాలను పూరించి, చివర ధారణలో అన్నిటినీ వరుసగా అప్పగిస్తారు. దీన్ని దైవదత్తమనేవారు ఛందస్సు చేసే సాయాన్ని గమనించరు. ఉత్పలమాలలో పదో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి, ప్రతి పాదంలో రెండో అక్షరం ప్రాస, అంటే అన్ని పాదాలలోనూ అక్కడ అదే హల్లు రావాలి కనుక, ఒక పదం జారి దాని స్థానంలో మరొకటి వస్తే చాలాసార్లు అక్కడికక్కడే దొరికిపోతుంది. బావగారి తుఫాను కథకు యతీ లేదు, ప్రాసా లేదు.

కాబట్టి మీరు పుస్తకం మూసి పైకి చెప్పండి, చెప్పిన వెంటనే తెరిచి సరిచూసుకోండి. ఈ రెండో పని మానేస్తే తప్పే స్థిరపడుతుంది. మా మేనల్లుడు గ్రూప్-2కు ఇలాగే చదువుతున్నాడు. వాడు వంటింట్లో నిలబడి రాజ్యాంగం అప్పజెబుతూ ఉంటే, అక్క కూర తరుగుతూనే పక్కన తెరిచి పెట్టుకున్న పుస్తకంలో చూస్తుంది. మొన్న హైకోర్టు రిట్లకు 32వ అధికరణం అన్నాడు. "అది సుప్రీంకోర్టుదిరా, హైకోర్టుది 226" అని అక్క అందుకుంటే, కోచింగ్‌లో 32 అనే చెప్పారని, తనకు బాగా గుర్తుందని అరగంట వాదించాడు. అచ్చం తండ్రి పోలిక. మర్నాడు ఉదయం అక్క మళ్ళీ అడిగింది, ఆదివారం నాడు ఇంకొకసారి అడిగింది. ఇప్పుడు 226 అని తడుముకోకుండా చెబుతున్నాడు.