పూడిక కంటే ముందు పుట్టుచోటు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

గుండె సీటీ స్కాన్ల రిపోర్టులు ఇకపై నీవే రాయబోతున్నావని తెలిసి సంతోషించాను. ఒక్క అలవాటు చేసుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం: గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల్లో పూడిక వెతికే ముందు, అవి ఎక్కడ పుట్టాయో, ఏ దారిన పోతున్నాయో చూడు.

చాలా ఏళ్ల క్రితం స్పృహ తప్పిన 19 ఏళ్ల కుర్రవాడి స్కాన్ నా ముందుకు వచ్చింది. నాళాలు నున్నగా ఉన్నాయి, ఎక్కడా పూడిక లేదు. అంతా సవ్యమేనని రాయబోయి మళ్లీ చూసినప్పుడు, కుడి ధమని తన వైపు నుంచి కాక ఎడమ సైనస్ (బృహద్ధమని మొదట్లో ఉండే ఉబ్బు) నుంచి బయలుదేరి, బృహద్ధమనికీ, ఊపిరితిత్తులకు రక్తం తీసుకుపోయే పుపుస ధమనికీ నడుమనున్న ఇరుకులోంచి పోతున్నట్టు కనిపించింది. దాని మూతి ఎదురుగా వచ్చేలా చిత్రాన్ని తిప్పితే, గుండ్రంగా ఉండవలసిన రంధ్రం బ్లేడుతో పెట్టిన గాటులా ఉంది.

రెండు పెద్ద నాళాల మధ్య నలిగిపోతుందని చెప్పడం తేలికే గాని, పుపుస ధమనిలో పీడనం తక్కువ. బృహద్ధమని గోడలోనే కొంత దూరం సాగే భాగం, శ్రమలో ఆ గోడ సాగినప్పుడు మరింత సన్నబడుతుందన్న వివరణే నాకు సబబుగా తోస్తుంది. అందుకే మూతి ఆకారం, బయలుదేరే కోణం, గోడలో సాగిన పొడవు రిపోర్టులో తప్పక రాయి. ఆ భాగాన్ని తెరవవలసిన సర్జన్‌కు కావలసినవి అవే. ఎడమ ప్రధాన ధమని కుడి సైనస్ నుంచి ఇదే దారి పడితే ప్రమాదం ఇంకా ఎక్కువ. సర్కమ్‌ఫ్లెక్స్ అనే ఎడమ ధమని కొమ్మ, బృహద్ధమని వెనుక నుంచి చుట్టి వస్తే మాత్రం సాధారణంగా హాని లేదు, రోగిని భయపెట్టకు. కుడి ధమని పొట్లకాయలా ఉబ్బి మెలికలు తిరిగి ఉంటే, ఎడమది పుపుస ధమని నుంచి పుట్టిందేమో చూడు.

అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు పీట్ మారవిచ్ 1988లో, 40 ఏళ్లకే, ఆడుతూ కుప్పకూలాడు. ఎడమ ధమని పుట్టుకతోనే లేదన్న సంగతి శవపరీక్షలో గాని బయటపడలేదు.

గుండె వేగం నిమిషానికి 60 దగ్గరకు దిగేదాకా ఓపిక పట్టు. చిత్రం అదిరితే గాటు కనిపించదు.

స్కాన్‌కు ముందు రోగితో నీవే మాట్లాడు. ఆ కుర్రవాడి కాగితం మీద ‘కళ్లు తిరగడం’ అని మాత్రమే ఉంది. రిపోర్టు కోసం తలుపు దగ్గర నిలబడ్డ తల్లి, “పరుగెత్తుతుంటేనే పడిపోయాడండీ” అంది. నేను మళ్లీ చూసింది ఆ మాట విన్నాకే.