మధ్యాహ్నం పూట క్యాంపు పిల్లలు మాట వినకపోతే

తమ్ముడూ, భోజనాలయ్యాక ఇరవైమంది పిల్లలు చేతికి చిక్కడం లేదని, ఒక బాబు రోజూ అమ్మ కావాలని ఏడుస్తున్నాడని, సమ్మర్ క్యాంపు మానేద్దామని ఉందని రాశావు. మానొద్దు. తిరుపతిలో నేను మూడు వేసవులు ఇదే పని చేశాను. మొదటి వారంలోనే గొంతు పోయింది.

తప్పు పిల్లలది కాదు, టైంటేబుల్‌ది. 40 డిగ్రీలు దాటే మే ఎండలో రెండింటికి కబడ్డీ పెడితే ఎవరు వింటారు? పరుగుల ఆటలన్నీ పొద్దున తొమ్మిదిలోపే ముగించు. మధ్యాహ్నం నీడలో సుద్దముక్కతో పులి-మేక గీసి కూర్చోబెట్టు. పులులకు 3 గులకరాళ్లు, మేకలకు 15 చింతగింజలు. ఖర్చు సున్నా, గంటసేపు నిశ్శబ్దం. అరవకు, గొంతు తగ్గించి చెప్పు. ఏం చెబుతున్నావోనని వాళ్లే దగ్గరికి జరుగుతారు.

ఏడ్చే బాబును ఊరికే బుజ్జగించకు, ఏదైనా పని అప్పగించు. మా దగ్గర ఒకడికి మంచినీళ్ల డ్యూటీ ఇచ్చాను. బాటిళ్లు లెక్కపెట్టే హడావుడిలో ఏడుపు మర్చిపోయాడు. చంద్రగిరి కోటకు వెళ్లినప్పుడు బస్సులో తలలు లెక్కపెట్టిందీ వాడే. నన్నూ కలిపేసి ఒకటి ఎక్కువ చెప్పి కాసేపు అందరికీ టెన్షన్ పెట్టాడు!

అన్నట్టు, జీతం వారం వారం అడిగి తీసుకో. చివర్లో ఇస్తామన్నవాళ్లు నన్ను ఆగస్టు దాకా తిప్పారు.