పెరట్లో నల్ల పిల్ల కప్పలు

ప్రశ్న: వానలు పడ్డాక మా పెరట్లో కుళాయి పక్కన సెంటీమీటరు కూడా లేని నల్ల కప్పలు గుంపుగా తిరుగుతున్నాయి. ఇంట్లో పాకే బాబున్నాడు, టెన్షన్‌గా ఉంది. ఇవి ఏ కప్పలు? విషమా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి అవి గోదురు కప్ప పిల్లలే అనిపిస్తోంది. ఇవి దూరం దూకవు, చిన్న చిన్న గెంతులతో, కాస్త నడిచినట్టుగా కదులుతాయి. ఒకదాన్ని గాజు గ్లాసు కింద పెట్టి చూడండి. వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు ఉంటే అది చెట్టుకప్ప. మొనలు మామూలుగా ఉండి, చర్మం పొడిగా, గరుకుగా ఉంటే నా ఊహ సరైనదే. పెద్ద గోదురు కప్పకు కళ్ల పైన కనిపించే నల్లటి గట్లు ఈ వయసులో తేలవు, వాటికోసం వెతక్కండి. దగ్గర్లో నీటిగుంట ఉంటే చూడండి: పూసల దండలా సాగిన గుడ్లో, నల్లటి తోకకప్పల గుంపో కనిపిస్తే ఇక సందేహమే లేదు.

ఇవి కరవవు. పెద్దవాటికి కళ్ల వెనక ఉబ్బిన గ్రంథులుంటాయి, నొక్కితే పాలలాంటి విషద్రవం వస్తుంది. అందుకే బాబు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి, ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగండి. ఉప్పు, బ్లీచింగ్ మాత్రం దయచేసి చల్లొద్దు. చీమల్నీ చెదల్నీ తినే ప్రాణులవి. రాత్రిళ్లు బకెట్లు బోర్లించండి, లోపల పడితే పైకి రాలేవు.